ఆగేచోటు

బంగాళాదుంపలకు చాళ్ళు తీస్తున్న రోజున హిషే మామ మా చేని గట్టుమీదికి వచ్చి నిలబడ్డాడు. నడుం మీద చేతులు వేసుకుని చాలాసేపు మా నాన్న పని చూశాడు. ఆయన ఎదుటివాళ్ళ పని చూడడంలో ఎప్పుడూ అలిసిపోడు.

"ఉగ్యెన్, మీ జంటగంటల్లో రెండోది ఏదయ్యా?" అని అడిగాడు.

నాన్న తల ఎత్తలేదు. "కొండకిచ్చాను. నీకు తెలీదా?"

"ఇచ్చావు, తెలుసు. ఏ చోట ఇచ్చావని అడుగుతున్నాను."

నాన్న పలుగు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మట్టిలో దిగింది. హిషే మామ గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు. నేను చేతిలో ఉన్న విత్తనపు దుంపల బుట్ట కింద పెట్టి, ఏమిటి నాన్నా ఇది అన్నాను. ఏమీ లేదు, వెలుగుండగానే ఆ చాలు నింపు అన్నాడు. మా ఊరు ఘున్సాలో ఆ ప్రశ్న అప్పటికే ప్రతి ఇంటి పొయ్యి దగ్గరా నలుగుతోందనీ, తెలియనిది మా ఒక్క ఇంట్లోనేననీ నాకు ఆ సాయంత్రానికి తెలిసింది.

సంగతి ఇదీ. ముందటి శరత్తులో ఒక దొర కొండ ఎక్కి దిగి వచ్చి మా ఊరి సత్రంలో చోళ్ళ కల్లు తోంగ్బా తాగుతూ కూర్చున్నాడు. అదే సమయానికి మందకు ముందు నడిచే మా యాక్ మెడగంట మోగించుకుంటూ సత్రం పక్కనుంచి వెళ్ళింది. దొర గబుక్కున లేచి బయటికి వచ్చి, ఎర్రదీ నల్లదీ కలిపి పేనిన ఆ మెడపట్టెను చేత్తో పట్టుకుని చూశాడట. అచ్చం ఇలాంటి గంటే, ఇలాంటి పట్టెతోనే, కొండ కొట్టకొన మీద రాతి నెర్రెలో చూశానన్నాడట. ఆ ఏడు మంచు తక్కువై రాళ్ళు బయటపడ్డాయి. దొర తన దారిన తను పోయాడు. మాట మాత్రం మా ఊళ్ళోనే ఉండిపోయింది.

మీకు ఇందులో తప్పేమిటో తెలియాలంటే మా పెద్దాయన గురించి చెప్పాలి. కాంచన్‌జంగా అని లోకం పిలుస్తుంది గానీ మేం ఇంట్లో పెద్దాయన అనే అంటాం. ఆయనకు ఐదు తలలు. ఆ తలల కింద ఐదు పెన్నిధులు దాచాడు: ఉప్పు, బంగారం, గింజలు, ఆయుధాలు, పవిత్ర గ్రంథాలు. లోకం ఇక బతకలేని రోజున తలుపులు తీసి ఇస్తాడట. మిగతావి ఎప్పుడిచ్చినా సరే, ఉప్పు మాత్రం కాస్త ముందే ఇవ్వకూడదా అనేది మా అమ్మ, బతికున్నన్నాళ్ళూ. ఉప్పు కోసం టిబెట్ కనుమ దాటి దాటి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. నాన్నకు ఇంకో హాస్యం ఉండేది. పూర్వం దొరలు గొలుసులూ అద్దాలూ పట్టుకొచ్చి కొలిచి, లోకంలో ఈయనే అందరికంటే ఎత్తు అన్నారు. కొన్నాళ్ళకు మళ్ళీ కొలిచి, కాదు, మూడోవాడు అన్నారు. రెండుసార్లూ పెద్దాయన కూర్చున్నచోటి నుంచి కదల్లేదు అని నాన్న నవ్వేవాడు.

ఆయన నెత్తిన కాలు పెట్టకూడదు. మొట్టమొదట ఎక్కిన దొరలు సైతం సిక్కిం రాజుగారికి మాటిచ్చి, కొన కళ్ళముందు కనబడుతుండగా ఆగి, దండం పెట్టుకుని వెనక్కి తిరిగారు. తరవాత వచ్చినవాళ్ళలో చాలామంది ఆ మాట నిలబెట్టారు, కొందరు నిలబెట్టలేదు. చాలామంది అసలు అంతదాకా వెళ్ళలేదు. మంచు మేడలు కూలి కొందరు, గాలికి ఎగిరి కొందరు, ఊపిరాడక నిద్రలోనే కొందరు ఆయన ఒళ్ళోనే ఉండిపోయారు. మా ఊరివాళ్ళలో అంత ఎత్తుకు వెళ్ళి, ఆగవలసిన చోట ఆగి, ప్రాణాలతో ఇంటికి వచ్చినవాడు మా నాన్న ఒక్కడే.

నేను నడక నేర్చే రోజుల మాట అది. జంటగంటల్లో ఒకటి పెద్దాయనకు కానుకగా ఇస్తానని నాన్న సంచీలో వేసుకుని వెళ్ళాడు. తనతో వచ్చిన దొర కిందికి దిగాక ఊరందరి ముందూ నాన్న భుజం తట్టి, మేమిద్దరం మీ మాట మన్నించి ఆగాం అని చెప్పాడట. అప్పటినుంచి ఏటా వానల్లో వచ్చే కొండ పండుగనాడు, ఎవరూ ఇంకా చుక్క తాగకముందు, కొత్త సారాయిలో మొదటి ధార పెద్దాయన వైపుకు పోసే గౌరవం మా నాన్నదైంది. పెద్దగా భూమి లేని పేదిల్లు మాది. అయినా ఆ ఒక్క చెంబు వల్ల ఊళ్ళో మా మాటకు బరువుండేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఘున్సాలోంచి పెద్దాయన కనబడడు, అడ్డంగా వేరే కొండలున్నాయి. వేసవిలో యాక్‌లను తోలుకుని పైకి, పాంగ్‌పేమా గడ్డిబీడు దాకా వెళ్తే ఆకాశమంతా ఆయనే ఉంటాడు. మేమంతా అక్కడ నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తే నాన్న మాత్రం టోపీ కళ్ళమీదికి లాక్కుని, పక్కకు తిరిగి, నేలకేసి చూస్తూ కూర్చునేవాడు. భక్తంటే అలా ఉండాలర్రా అని పెద్దవాళ్ళు పిల్లలకు చూపించేవాళ్ళు.

అలాంటి మనిషిమీద ఆ చలికాలమంతా గుసగుసలు నడిచాయి. దానికి తగ్గట్టు ఆ శీతాకాలం మంచుపెళ్ళ విరిగి పడి, ఎగువనున్న ఖాంబాచెన్ దగ్గర మూడిళ్ళవాళ్ళ యాక్‌లు చచ్చిపోయాయి. పోయినవాటిలో ఎక్కువ హిషే మామవి. కడుపు మండినవాడికి కారణం కావాలి. ఆయనకు మా గంట దొరికింది. నాకు ఆయనమీద కోపం వచ్చింది గానీ, ఆయన కొట్టం ముందు ఖాళీగా వేలాడుతున్న పలుపుతాళ్ళు చూస్తే ఆ కోపం పూర్తిగా నిలబడేది కాదు.

దుంపలు మొలకెత్తేలోగా పెద్దలు మా ఊరి మఠం, గుంపా ముంగిట్లో కూర్చున్నారు. నాన్నను పిలిచి అడిగారు. గంటను ఆగేచోటే పెట్టాను అన్నాడు నాన్న. మరి కొనమీదికి ఎలా పోయిందంటే నాకేం తెలుసు అన్నాడు. సంగతి తేలేదాకా ఈ ఏడు మొదటి ధార ఎవరు పొయ్యాలో తరవాత చూద్దామన్నారు పెద్దలు, మెత్తగానే. నాన్న అలాగే అని లేచి వచ్చి గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పూట మాకు పది రోజులకు సరిపడా కట్టెలు చీల్చాడు.

తమ్ముడు సామ్‌దెన్ అప్పుడే ఖాట్మండు నుంచి వచ్చాడు. కొండలెక్కే దొరల వెంట వెళ్ళడం వాడి పని. రెండు మూడు పెద్ద కొండలు ఎక్కాడు గానీ మా పెద్దాయన జోలికి ఇంకా పోలేదు. ఆ వసంతంలో ఉత్తరపు ముఖం నుంచి ఎక్కే దళంలో వాడికి చోటు దొరికింది. ఊళ్ళో విన్నదంతా విని, యాక్‌ల కొట్టంలో నేను పేడ ఎత్తుతుంటే వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"అక్కా, నేను పైకెళ్ళి ఆ గంట పీకేస్తాను," అన్నాడు.

"పీకాలంటే కాలు పెట్టాలి కదరా."

"ఉంటేనే పెడతాను. లేకపోతే అక్కర్లేదు."

"ఉందో లేదో తెలియాలన్నా పెట్టాలి."

వాడు కాసేపు తల గోక్కున్నాడు. "అది అక్కడికెళ్ళాక ఆలోచిస్తాను."

"అక్కడ ఆలోచించడానికి గాలి ఉండదంటారుగా."

నవ్వాడు గానీ వాడి కళ్ళు నవ్వలేదు. గంట అక్కడ లేకుండా చేస్తే మళ్ళీ ఏ దొరా చూడడు, నాన్న చెంబు నాన్నకు దక్కుతుంది అన్నాడు. నాన్న కాలు పెట్టాడంటావా అని నేను అడిగాను. పెట్టడు, ఆగేచోట నుంచి ఎవరో దొర పైకి పట్టుకెళ్ళి పెట్టుంటాడు అన్నాడు వాడు. నేనూ అదే అనుకున్నాను. ఇద్దరం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాం. కానీ వాడు కాలు పెట్టి వస్తే ఇంట్లో ఒకరి మచ్చ తుడవడానికి ఇంకొకడు మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది. వద్దని గట్టిగా చెప్పలేకపోయాను. వెళ్ళమనీ చెప్పలేదు.

బయల్దేరే ముందు నాన్న వాడికి పాఠం చెప్పాడు. పెద్ద గిన్నెలో సత్తుపిండి పోసి, వెన్నటీతో ముద్ద చేసి, పొయ్యి పక్కనున్న బల్లమీద పెద్దాయన్ని నిలబెట్టాడు. మా ఊళ్ళో పిండితో దేవుళ్ళకు నైవేద్యాలు చేస్తారు, కొండ చెయ్యడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. నాన్న వేళ్ళకు ప్రతి మలుపూ గుర్తుంది. బొటనవేలితో దారి గీస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఇదిగో ఈ గోడ నిండా మంచు మేడలు వేలాడుతుంటాయి, ఎండ తగిలితే కూలతాయి, చీకటుండగానే దాటిపోవాలి. ఇక్కడ మెడలా ఉందే, ఇది గాలి కాపురముండే చోటు, డేరాను రాళ్ళకు కట్టినా నమ్మకు. ఇదిగో కొడవలిలా వంగిన నల్లరాయి, దీని కడుపు కింద నుంచి ఎడమకు పో. ఆ పైన ఊపిరికీ ఊపిరికీ మధ్య అడుగు, అంతే.

"ఇక్కడ తెల్లచార ఉన్న రాయొకటి వస్తుంది. అక్కడ ఆగు," అన్నాడు.

"ఆ పైన?" అన్నాడు సామ్‌దెన్.

నాన్న కొండకు కొన తియ్యలేదు. పైన బల్లపరుపుగా వదిలేశాడు. "ఆ పైన నీకు పని లేదు," అని కొండ మొత్తాన్ని రెండు చేతులతో నలిపి ముద్ద చేసి నా గిన్నెలో వేశాడు. పెద్దాయన్ని తినెయ్యమంటావా అన్నాను. వెన్న చాలా వేశాను, పారెయ్యకు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, వేళ్ళకంటిన పిండి తుడుచుకోకుండానే బయటికి వెళ్ళిపోయాడు. యాక్‌లను చూడడానికనుకున్నాను.

పాంగ్‌పేమా దాకా దళానికి మా యాక్‌లే సామాను మోశాయి. తోలింది నేను. నాకు పెళ్ళి కాలేదు. కారణాలు ఊరివాళ్ళు చాలా వెతికారు గానీ, నాకు ఇల్లు, యాక్‌లు, ఈ దారి చాలనిపించింది, అంతే. ముందు యాక్ మెడలో మా గంట మోగుతుంటే వెనక మేమంతా నడిచాం. ఆ గంట గొంతు కొంచెం బొంగురు. జంటగా ఒకే పోతలో పోసినవి కాబట్టి రెండోదీ అలాగే ఉండేదని నాన్న అనేవాడు.

చివరి మలుపు తిరిగితే పెద్దాయన ఎదురుగా ఉన్నాడు. ఎన్నిసార్లు చూసినా ఆ మలుపు దగ్గర నా కాళ్ళు వాటంతటవే నిలబడిపోతాయి. మెడ ఎంత వెనక్కి వంచినా కొన అందదు, ఇంకా పైకి చూడాలి, ఇంకా పైకి. మనిషి అన్నవాడు అక్కడ నిలబడి వచ్చాడంటే నమ్మబుద్ధి కాదు. నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, సంతోషంతో అని కూడా అనలేను. ఇంత పెద్దదాని ముందు మనం ఉన్నా లేకున్నా ఒకటే అనిపిస్తుంది. అలా అనిపించడమే ఎందుకో హాయిగా ఉంటుంది.

గోడమీద ఎక్కడో మంచు మేడ ఒకటి కూలింది. తెల్లటి పొగ లేచి సగం గోడ కమ్మేసిన తరవాత గానీ మాకు ఉరుము వినబడలేదు. గుంపా లామాగారు పంపిన గింజలు చల్లి, దేవదారు పొగ వేసి, దండం పెట్టుకున్నాం. వాళ్ళు కొండమీదున్నన్నాళ్ళూ వంటపొయ్యిలో మాంసం కాల్చవద్దని, పాలు పొంగనివ్వద్దని వంటవాడికి నేను మరీ మరీ చెప్పాను. పొయ్యిలో మాడిన వాసన పెద్దాయనకు పడదు. ఆ వంటవాడు మా వైపువాడే, నాకు చెప్పాలా అన్నట్టు చూశాడు.

మిగతా మోతగాళ్ళు దిగిపోయారు. నేను యాక్‌లకు గడ్డి ఉందనే వంకతో అక్కడే ఉండిపోయాను. పైన గోడమీద వాళ్ళు ఆవగింజల్లా కదిలేవారు, తరవాత అవీ కనబడలేదు. రోజూ కొనమీద నుంచి మంచు తురాయిలా ఎగురుతూ ఉండేది. అది అలా ఎగిరినంతకాలం పైన గాలి మనుషుల్ని నిలవనివ్వదు. పొద్దున్న లేవగానే ముందు దానివైపే చూసేదాన్ని. యాక్ పాలు పిండుతూ మధ్యలో చూసేదాన్ని. ఒక ఉదయం చూస్తే తురాయి లేదు. కొన ఆకాశంలో బోసిగా నిలబడి ఉంది. పొద్దెక్కి, దిగేదాకా అలాగే ఉంది. ఆ రోజు నేను వండలేదు, తినలేదు. ఆగరా, ఆగు అని ఒకసారీ, పీకెయ్యరా అని ఒకసారీ అనుకున్నాను. రెండూ మనస్ఫూర్తిగానే అనుకున్నాను.

దిగి వచ్చేసరికి సామ్‌దెన్ ముఖం కమిలి నల్లబడింది, పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. దళంలో అందరూ క్షేమం. నేను వాడి చేతులు పట్టుకుని వేళ్ళన్నీ ఉన్నాయా లేదా చూసుకుని, ఆ తరవాతే పీకావా అని అడిగాను.

"ఆకలేస్తోందక్కా," అన్నాడు.

వాడు నిద్రపోతుంటే సంచీ అంతా వెతికాను. గంట లేదు. నా ప్రాణం తేలికపడింది. గంట పైన లేనే లేదు, దొర ఏదో చూసి ఏదో అనుకున్నాడు, మా నాన్న మాటే నిజం అనుకున్నాను. ఇంటికి తిరిగే దారిలో కూనిరాగం కూడా తీశాను. కొంతదూరం వచ్చాక సామ్‌దెన్ ముందు యాక్‌ను ఆపి, మెడలో గంట లోపలికి ఉన్ని దోపి దాని నోరు కట్టేశాడు. అదేమిటిరా అంటే తలనొప్పిగా ఉందన్నాడు. ఎత్తులు దిగిన మనిషి కదా, నిజమే అనుకున్నాను.

ఊరు చేరిన మర్నాడే గుంపా ముంగిట్లో అందరూ పోగయ్యారు. నాన్న ఒక పక్కగా అరుగుమీద కూర్చున్నాడు. లామాగారు ముసలివాడు, చెవులు సరిగా వినిపించవు, అందుకని సామ్‌దెన్‌ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. అడిగింది మాత్రం హిషే మామే.

"గంట ఉందా లేదా? ఆ ఒక్కమాట చెప్పు చాలు."

"తెల్లచార రాయి దగ్గర ఆగాను మామా," అన్నాడు సామ్‌దెన్. "అక్కణ్ణుంచి పైకి చూశాను. కొత్తమంచు పేరుకుని ఉంది. దాని వెనక ఏముందో తెలియాలంటే ఆయన నెత్తిన కాలు పెట్టాలి. నేను పెట్టలేదు. మనూళ్ళో ఎవరు పెడతారో చెప్పండి, దారి నేను చూపిస్తాను."

లామాగారు చేతిని చెవికి ఆనించి ఆ మాట మళ్ళీ చెప్పించుకుని, విని, పళ్ళులేని నోటితో చాలాసేపు నవ్వాడు. కాలు పెట్టినవాడి సాక్ష్యం మనకెందుకు, కాలు పెట్టనివాడు చూడలేడు, ఇంక ఈ మాట ఇక్కడితో సరి అన్నాడు. ఈ ఏడు కూడా మొదటి ధార ఉగ్యెన్‌దే అని పెద్దలు తేల్చేశారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాన్న మాత్రం అరుగు మీది నుంచి కష్టంగా లేచాడు, ఉన్నట్టుండి వయసు మీదపడినవాడిలా.

ఇంటికొచ్చి నేను తోంగ్బా కోసం నీళ్ళు కాచాను. పులిసిన చోళ్ళు చెక్కపాత్రల్లో వేసి వేడినీళ్ళు పోసి ముగ్గురికీ పెట్టాను. వెదురు గొట్టం నోట్లో పెట్టుకుని నాన్న కాసేపు పీల్చలేదు. తరవాత గొట్టం తీసి, సామ్‌దెన్ వైపు చూడకుండా అడిగాడు.

"మోగుతోందా?"

సామ్‌దెన్ పాత్ర కింద పెట్టాడు. "మోగుతోంది నాన్నా."

గంట ఉందా అని అడగలేదు నాన్న. మోగుతోందా అని అడిగాడు. నా చేతిలో వేడినీళ్ళ కెటిల్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు కాసేపు తోచలేదు.

నాన్న ముఖం మారింది. నేను సిగ్గు కనబడుతుందనుకున్నాను, కనబడలేదు. నా చిన్నప్పుడు మా అమ్మ కనుమ దాటి ఇంటికి వస్తోందని కబురొస్తే ఆయన ముఖం అలా ఉండేది. తరవాత నెమ్మదిగా చెప్పాడు. కొన దగ్గరికి చేరిన పొద్దున, మంచు మీది ఎండకు వెంట ఉన్న దొరకు చూపు ఆనకుండా పోయింది. తెల్లచార రాయి దగ్గర ఆయన్ని కూర్చోబెడితే, ఇక చాలు ఉగ్యెన్, మాటిచ్చాంగా, ఇక్కడే ఆగుదాం అన్నాడు. సరేనన్నాడు నాన్న. గంట అక్కడే పెడదామని సంచీలోంచి తీశాడు.

"తీసి, తలెత్తి చూశాను. అంతే. ఎప్పుడు నడిచానో నాకు తెలీదు. తెలిసేసరికి పైన మోకాళ్ళమీద, నెర్రెలో గంట కడుతూ ఉన్నాను."

"ఏముంది నాన్నా పైన?" అన్నాను నేను. అడగాల్సింది అది కాదు. నాకు వేరే ప్రశ్న రాలేదు.

"ఏమీ లేదే ఛోకీ. అంతా కిందే ఉంది. మనం పెద్దవనుకునే కొండలన్నీ కింద పడుకుని ఉన్నాయి. నా బతుకులో అంత అందం ఇంకెక్కడా చూడలేదు. అంత భయమూ పడలేదు." గొట్టం నోట్లో పెట్టుకుని మళ్ళీ తీసేశాడు. "చంపేస్తాడనుకున్నాను. చంపలేదు. కిందికి రాగానే దొర, పాపం నన్ను చూడలేదుగా, ఆగాం అని ఊరంతటికీ చెప్పాడు. ఊరు నా చేతిలో చెంబు పెట్టింది. ఆ రోజే చెప్పాల్సింది. మరుసటేడు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ తరవాత తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను."

పాంగ్‌పేమాలో కళ్ళమీదికి లాక్కున్న టోపీ నాకు గుర్తొచ్చింది. ఊరంతా దాన్ని భక్తి అనుకుంది. నేనూ అనుకున్నాను. నాన్నమీద కోపం రావాలి కదా అని లోపల వెతుక్కున్నాను. జాలి దొరికింది. చెప్పకూడదేమో గానీ, కాస్త గర్వం కూడా దొరికింది.

"నువ్వెందుకు ఆగావురా మరి?" అని తమ్ముణ్ణి అడిగాను. "పీకాలనే కదా వెళ్ళావు."

సామ్‌దెన్ పగిలిన పెదాలను నాలుకతో తడుపుకున్నాడు. "ఆ పొద్దున పెద్దగాలి లేదు, సన్నటి తెమ్మెర మాత్రమే. రాయి దగ్గర కూర్చుని ఊపిరి పీల్చే ముసుగు తీశాను. పైనుంచి చిన్నగా వినపడింది. మన యాక్ ఇంటికొస్తున్నట్టే ఉందక్కా. నాలుగడుగులేస్తే అందేది. పీకితే ఆ చప్పుడు ఆగిపోతుంది కదా అనిపించింది. అంత పైన, ఎవరూ లేనిచోట, మనింటి చప్పుడు అదొక్కటే ఉంది." కాసేపాగి అన్నాడు: "లేవలేకపోయాను. అలాగే వింటూ కూర్చుని దిగొచ్చేశాను."

నేను కొట్టంలోకి వెళ్ళి ముందు యాక్ గంటలోంచి ఉన్ని లాగేశాను.

వానలు పట్టాయి. దుంపలు ఆ ఏడు బాగా పడ్డాయి, అందుకు పెద్దాయన దయే కారణమని ఊరంతా అంది. పండుగనాడు గుంపా ముంగిలి నిండా మబ్బు దిగి ఉంది, ఎదుటి మనిషి మసకగా కనబడుతున్నాడు. బూరలు మోగాయి. కొత్త సారాయి చెంబుకు మూడుచోట్ల వెన్న అద్ది, పెద్దలు తెచ్చి నాన్న చేతుల్లో పెట్టారు. అందరూ పెద్దాయన ఉన్న దిక్కుకు తిరిగారు.

నాన్న చెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ పొయ్యలేదు. హిషే మామ పక్కవాడివైపు చూశాడు. అప్పుడు నాన్న వెనక్కి తిరిగి, జనంలో నా పక్కన నిలబడ్డ సామ్‌దెన్ దగ్గరికి వచ్చాడు. రెండు చేతులా చెంబు పట్టుకుని, వంగి, పెద్దవాళ్ళకు ఇచ్చినట్టు వాడికి ఇచ్చాడు.

"ఆగి వచ్చినవాడు పొయ్యాలి," అన్నాడు అందరికీ వినబడేలా.

సామ్‌దెన్ చేతులు ఒక్క క్షణం రాలేదు. తరవాత తీసుకున్నాడు. ముందుకు వెళ్ళి, మబ్బులో ఎక్కడో ఉన్న పెద్దాయన వైపుకు మొదటి ధార పోశాడు. నాన్న జనం వెనక్కి నడిచి, ఆలస్యంగా వచ్చినవాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళతోపాటు తల వంచి దండం పెట్టాడు. మా ముగ్గురికి తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాలేదనుకుంటాను. లామాగారి సంగతి చెప్పలేను. ఆయన నాన్నవైపు చూసి, చూసిన కళ్ళు చాలాసేపు మూసుకున్నాడు. హిషే మామ నా పక్కకొచ్చి, మీ నాన్నకు గర్వం ఎక్కువైందే, ఊరిచ్చిన గౌరవం ఊరికే కొడుక్కి ఇచ్చేశాడు అని గొణిగాడు. అవును మామా, ఎక్కువే అన్నాను. ఆయన చేతిలో సారాయి గిన్నె పెట్టాను. తాగాడు.

పండుగ అయ్యాక నాన్నా నేనూ యాక్‌లను తోలుకుని పాంగ్‌పేమా గడ్డికి వెళ్ళాం. రోజుల తరబడి వానే. డేరాలోంచి చూస్తే మా యాక్‌లే కనబడేవి కావు, గంట చప్పుడును బట్టి వెతుక్కునేవాళ్ళం. ఒకనాటి పొద్దున చలికి మెలకువ వచ్చింది. పక్కన నాన్న లేడు. డేరా గుడ్డ ఎత్తి చూశాను.

మబ్బంతా విడిపోయింది. పెద్దాయన ఐదు తలలతో, అడుగునుంచి కొసదాకా, ఒక్క పోగు మబ్బు లేకుండా నిలబడి ఉన్నాడు. కొనమీద అప్పుడే ఎండ తగిలింది. నాన్న ఎదురుగా ఒక రాయిమీద కూర్చుని ఉన్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెరిసిన తల పైకెత్తి, మెడ వెనక్కి వంచి, నోరు కొంచెం తెరుచుకుని చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు. గడ్డిలో ఎక్కడో మా ముందు యాక్ కదిలి గంట మోగింది.

నేను టీ చేసి తీసుకెళ్ళి పక్కన పెట్టాను. ముట్టుకోలేదు. వెన్న పైకి తేలి గడ్డకడుతోంది.

"నాన్నా, టీ చల్లారిపోతోంది," అన్నాను.

"చూడనివ్వవే," అన్నాడు నాన్న.